జగర్గుండాలో పచ్చ చుక్క

ప్రమీలారాణికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఫోన్లో మాట్లాడాలంటే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరగాల్సిందే. టీ కూడా నిలబడే తాగుతుంది. దంతెవాడ పక్కన గీదంలో ఆమె అద్దెకున్న మేడ కింద కిరాణా కొట్టు నడిపే రాధ, పైన అడుగుల చప్పుడు వినే చెప్పేసేది, ఇవాళ ఎక్కడో ఏదో పాడైందని.

ఆమె తండ్రి పైడయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. కిరండూల్ రైల్వే లైన్లో, పట్టాల బిగింపులు చూసే కీమ్యాన్‌గా ముప్ఫై ఏళ్ళు పట్టాల వెంట నడిచాడు. భాన్సీ, కమలూర్, బచేలీ, ఇలా క్వార్టర్లు మారుతూ ప్రమీల పెరిగింది. లైన్లో ఏదైనా అయిందంటే తండ్రి ఇల్లు చేరేదాకా తల్లి గుమ్మానికీ వీధికీ మధ్య తిరుగుతూ ఉండేది. పక్కనే చిన్నపిల్ల ప్రమీల కూడా తిరిగేది. తల్లి పోయాక, ఉద్యోగం అయిపోయాక, పైడయ్య బొబ్బిలి వెళ్ళనన్నాడు. అక్కడ తననెవరు గుర్తుపడతారన్నాడు. కూతురి దగ్గరే ఉండిపోయాడు.

జగదల్‌పూర్‌లో డిప్లొమా అయ్యాక ప్రమీల గీదంలోనే ఒక కంప్యూటర్ రిపేరు షాపులో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆ తర్వాత అడవి ఊళ్ళలో క్లినిక్కులు నడిపే ఒక ఆరోగ్య సంస్థలో చేరింది. ఆ సంస్థకు సుక్మాలో, దోర్నాపాల్‌లో, జగర్గుండాలో, ఇంకా లోపలి రెండు పల్లెల్లో క్లినిక్కులున్నాయి. నెట్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఒక్కో క్లినిక్కులో ఒక్కో చిన్న సర్వర్ ఉంటుంది. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు ఇచ్చారు, ఏ మందు పడదు, ఇదంతా అందులోనే. సిగ్నల్ దొరికినప్పుడు ఆ రికార్డుల నకలు రాయ్‌పూర్ ఆఫీసుకు వెళ్తుంది. ఆ అయిదు సర్వర్లూ పడిపోకుండా చూడటమే ప్రమీల పని.

అవన్నీ ఎవరో వాడి వదిలేసిన పాత మిషన్లు. జగర్గుండాది మరీ పాతది. సోలార్ ప్లేట్ల మీద నడుస్తుంది, మెమరీ తక్కువ. అందుకే దానికీ, పల్లెల్లోని రెండింటికీ ప్రమీల చాలా తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది. సుక్మా, దోర్నాపాల్ మిషన్లలో మాత్రం అందరూ వాడే మామూలు సిస్టమ్ ఉంది.

కిందటేడు వేసవిలో రాయ్‌పూర్ ఆఫీసుకు రాజశేఖర్ అనే ఇంజనీరు వచ్చాడు. హైదరాబాద్ మనిషి. పద్ధతిగా పనిచేసేవాడు. వచ్చిన నెలలోనే ఒక కొత్త టూల్ తెచ్చాడు. అయిదు క్లినిక్కుల సర్వర్లూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఒక్కో ప్రోగ్రాం పక్కన ఒక చుక్క. నడుస్తుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు. ఆగిపోయినదాన్ని అక్కడి నుంచే నొక్కి మళ్ళీ నడిపించవచ్చు. ప్రతి చిన్నదానికీ వందేసి కిలోమీటర్లు బండి తోలిన ప్రమీలకు అది చూసి ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ టూల్ రెండు మిషన్లలోనే ఎక్కింది. మిగతా మూడింటిలో మొదటి మెట్టులోనే ఆగిపోయింది.

కారణం ఆమెకు వెంటనే తెలిసింది. ఏ సర్వర్ అయినా కరెంటు అందుకోగానే అన్నిటికంటే ముందు ఒక ప్రోగ్రాం లేస్తుంది. మిగతావాటిని అదే లేపుతుంది, ఏది నడుస్తోందో ఏది ఆగిందో అదే చెబుతుంది. మామూలు సిస్టమ్‌లో ఆ లేపే ప్రోగ్రాం ఒక రకం. తేలికపాటి సిస్టమ్‌లో ఇంకో రకం. రాజశేఖర్ తెచ్చిన టూల్‌కు మొదటి రకంతో తప్ప మాట్లాడటం రాదు.

"ప్రమీల గారూ, అయిదింటికీ ఒకటే సిస్టమ్ వేసేద్దామండి. ఒక్కో మిషన్‌కు ఒక్క రోజు పని. తర్వాత మీకూ నాకూ తలనొప్పి ఉండదు" అన్నాడు రాజశేఖర్ ఫోన్లో.

"జగర్గుండా మిషను అంత బరువు మొయ్యలేదండి."

"వేసి చూశారా?"

చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమె గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. "చూసి చెప్తానండి. నాకు పది రోజులివ్వండి" అంది.

ఇంట్లో అటక మీద జగర్గుండా మిషన్‌కు జోడీ లాంటిది ఒకటుంది. దింపి, దుమ్ము దులిపి, అందులో మామూలు సిస్టమ్ వేసింది. లేవడానికే నాలుగు నిమిషాలు పట్టింది. లేచాక మెమరీ చాలక రికార్డుల ప్రోగ్రాం పావుగంటకోసారి చచ్చిపోయింది. అంటే ఆ దారి లేదు. కొత్త మిషను కొనాలంటే వచ్చే సంవత్సరం దాకా ఆగాలి.

టూల్ లోపలి కోడు అందరూ చదివేలా బయట పెట్టినదే. ప్రమీల చదవడం మొదలుపెట్టింది. అర పేజీ చదవడం, లేచి నడవడం, మళ్ళీ అర పేజీ. మూడో రోజుకు సంగతి అర్థమైంది. టూల్ అడిగేవి అసలు మూడే ప్రశ్నలు. దీన్ని నడుపు, దీన్ని ఆపు, ఇది ఎలా ఉంది. కానీ ఆ మూడింటినీ ఇరవై ఆరు చోట్ల, ప్రతిచోటా ఆ ఒక్క రకం లేపే ప్రోగ్రాంనే పేరు పెట్టి పిలిచి అడుగుతోంది.

ఆమె ఆ ఇరవై ఆరూ తీసేసి ఒకే చోట పెట్టింది. టూల్ ఇక ఎవరినీ పేరు పెట్టి పిలవదు. మధ్యలో ఆమె రాసిపెట్టిన ఒక చిన్న స్క్రిప్టును, అంటే కొన్ని వరుసల ప్రోగ్రాంను, అడుగుతుంది. ఆ స్క్రిప్టు తానున్న మిషన్లో ఏ రకం ఉందో చూసి, దానికి తెలిసిన మాటల్లో అడిగి, జవాబు తెచ్చి ఇస్తుంది. ఇంట్లో తండ్రితో బొబ్బిలి మాట, కింద రాధతో హిందీ, సంతలో హల్బీ మాట్లాడే మనిషికి ఇదేమీ వింత పని కాదు.

పల్లెల్లోని రెండు మిషన్లూ తొమ్మిదో రోజుకు టూల్‌లోకి వచ్చేశాయి. మిగిలింది జగర్గుండా. అక్కడ చిక్కుంది. రికార్డుల ప్రోగ్రాంను ఆ పాత మిషన్లో లేపే ప్రోగ్రాం నేరుగా లేపదు. అయిదేళ్ళ కిందట ప్రమీలే రాసిపెట్టిన ఒక ఫైలు లేపుతుంది. కాబట్టి అది బతికుందో లేదో అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఒక్క రోజే మిగిలింది. ఆమె ఒక ఉపాయం చేసింది. మొదలైన ప్రతి ప్రోగ్రాంకూ మిషను ఒక నంబరు ఇస్తుంది. రికార్డుల ప్రోగ్రాం లేచినప్పుడు దాని నంబరును ఒక ఫైల్లో రాసుకుని, ఎవరైనా అడిగితే, ఆ నంబరుతో ఏదైనా నడుస్తోందా అని చూసి, నడుస్తుంటే పచ్చ అని చెప్పేలా స్క్రిప్టులో రాసింది. బాగానే పనిచేసింది. రాజశేఖర్ స్క్రీన్ మీద అయిదు క్లినిక్కులూ పచ్చగా వెలిగాయి.

"ఇది నేననుకోలేదండి. చాలా బాగా చేశారు" అన్నాడతను.

ఆ తర్వాత రెండు వారాలు ప్రమీల కాస్త స్థిమితంగా ఉంది. "ఊళ్ళో లేవనుకున్నాను దీదీ, పైన చప్పుడే లేదు" అంది రాధ.

ఆగస్టులో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం లేదు. అయిదో రోజు పొద్దున పదకొండు గంటలకు జగర్గుండా నుంచి దేవే ఫోను చేసింది. దేవే అక్కడి నర్సు. కోంటా వైపు తెలుగు మాట్లాడే దోర్ల తెగ పిల్ల. ఊరివాళ్ళ వైద్యం ముప్పాతిక భాగం ఆమె చేతి మీదే నడుస్తుంది.

"అక్కా, రికార్డు తెర్చుకుంటలేదు. గుండ్రంగ తిరుగుతనే ఉన్నది."

ప్రమీల స్క్రీన్ చూసింది. జగర్గుండా పక్కన పచ్చ చుక్క. "మిషను బానే ఉంది దేవే. నీ ట్యాబ్‌దే ఏదో ఉంటుంది. ఆపి మళ్ళీ పెట్టు."

"పెట్టిన. అదే తీరు."

"వైరు వదులైందేమో చూడమ్మా."

అరగంటకు మళ్ళీ ఫోను. ఈసారి దేవే గొంతు మారింది. "సుక్కి అని ఒక పిల్ల వచ్చిందక్కా. సికిల్ సెల్ పేషంటు, నెత్తురు జబ్బు. జ్వరం గట్టిగ ఉన్నది, కాళ్ళు చేతులు నొస్తున్నయి అంటున్నది. పోయినేడు ఏదో సూది పడలేదు ఆమెకు, ఊపిరాడక చచ్చినంత పనైంది. అది ఏ సూదో రికార్డుల ఉన్నది. కార్డేమో వానకు తడిసి పేజీలన్నీ అంటుకపోయినయి. జర చూడక్కా."

ప్రమీల మళ్ళీ చూసింది. పచ్చ చుక్క. "నడుస్తోందమ్మా. ఇక్కడ నాకు కనబడుతోంది కదా. తప్పు నీ వైపే ఉంది" అంది. ఆ మాటలో కొంచెం విసుగు కూడా ఉంది. రాయ్‌పూర్‌లో ఉన్న నకలు వెతుకుదామనుకుంది. నాలుగు రోజులుగా సిగ్నల్ చుక్కకు చాలినంతే ఉండి కొత్త రికార్డులు వెళ్ళకపోయినా, పోయినేటివి ఉండాలి కదా. రాజశేఖర్‌కు ఫోను చేస్తే మీటింగులో ఉన్నాడు. అతను తిరిగి చేసేసరికి దేవే ఫోను అందలేదు. జగర్గుండా టవరు కూడా పడిపోయింది.

ప్రమీల ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. గదిలో తిరిగింది. మెట్లు దిగింది, ఎక్కింది. టవరు పడకముందు అందిన జవాబుతోనే స్క్రీన్ మీద చుక్క ఇంకా పచ్చగా ఉంది. మూడు దాటాక దేవే ఫోను కలిసింది.

"ఏమైంది?"

"పాత రిజిస్టర్లు దించిన. గంటన్నర పట్టింది. పోయిన జులైల నా చేతితోటే రాసిన, దొరికింది. ఇంకో మందు ఇచ్చిన. ఇప్పుడు పండుకున్నది."

ప్రమీల ఊపిరి వదిలింది. దేవే ఫోను పెట్టలేదు. "నువ్వు నీ చుక్కను నమ్మినవక్కా. నా మాట నమ్మలే."



మర్నాడు తెల్లవారగానే ప్రమీల బండి తీసింది. పైడయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంత వానలో ఎక్కడికెల్తన్నావే అమ్మా?"

"జగర్గుండా, నానా."

"మిషను పాడైపోనాదేటి?"

"మిషను కాదు. నాను రాసిందే పాడు."

ఆయన లోపలికెళ్ళి తన పాత రైల్వే రెయిన్‌కోటు తెచ్చి ఇచ్చాడు.

దంతెవాడ దాటి నకుల్‌నార్, అరన్‌పూర్ మీదుగా వెళ్ళింది. భద్రతా దళాల క్యాంపుల దగ్గర ఆపినప్పుడల్లా ఐడీ కార్డు చూపించడానికి రెయిన్‌కోటు గుండీలు విప్పడం, మళ్ళీ పెట్టుకోవడం. ఒకచోట జవాను కార్డు తిప్పి తిప్పి చూస్తుంటే ఆమె కాళ్ళు నిలవలేదు, బండి చుట్టూ తిరిగింది. "ఇత్నీ జల్దీ క్యా హై మేడమ్?" అన్నాడతను. తొందరేమీ లేదని చెప్పలేకపోయింది. ఉందని చెబితే అతనికేం అర్థమవుతుంది.

క్లినిక్కు చేరి, తడి చేతులు తుడుచుకుని మిషను తెర ముందు నిలబడితే పది నిమిషాల్లో అంతా బయటపడింది. ముసురుకు సోలార్ బ్యాటరీ దిగిపోయి మిషను రెండు రోజుల కిందట ఆరిపోయింది. కాస్త వెలుతురు రాగానే మళ్ళీ లేచింది. రికార్డుల ప్రోగ్రాం మాత్రం లేవలేదు. అర్ధాంతరంగా ఆరిపోయినప్పుడు దాని ఫైలొకటి సగంలో ఇరుక్కుంది. కానీ ప్రమీల రాసిపెట్టిన నంబరు ఫైలు మాత్రం డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంది. మిషను మళ్ళీ లేచినప్పుడు అదే నంబరు ఇంకో ప్రోగ్రాంకు, గడియారం సరిచేసే ఒక చిన్నదానికి, దక్కింది. ఆ నంబరుతో ఏదైనా నడుస్తోందా అని టూల్ అడిగితే స్క్రిప్టు నడుస్తోందనే చెప్పింది. అది అబద్ధం కూడా కాదు. చచ్చినవాడి నంబరుతో ఇంకెవడో తిరుగుతున్నాడు, అంతే.

ప్రమీల ఇరుక్కున్న ఫైలు సరిచేసింది. రికార్డులు తెరుచుకున్నాయి. ఏవీ పోలేదు. అప్పుడు దేవే వైపు తిరిగి జరిగినదంతా చెప్పింది, నంబరు సంగతితో సహా. తప్పు ట్యాబ్‌ది కాదు, వైరుది కాదు, తనదని చెప్పింది.

దేవే విని తలూపింది. "సరే. మల్ల గిట్ల కాకుండ ఏం జేస్తవు?"

"నంబరు చూడదు. ఒక ఉత్త పేషంటు పేరుతో రికార్డు పెడతాను. టూల్ ప్రతి పది నిమిషాలకూ ఆ రికార్డులో అప్పటి టైము రాసి, మళ్ళీ చూపించమని అడుగుతుంది. చూపిస్తేనే పచ్చ. లేకపోతే ఎరుపు."

"యాడికెల్లి అడుగుతది?"

"మిషన్లోంచే."

"మిషన్ల కూసుని అడిగితే దానికి దొరుకుతది. నాకు దొరకాలె గద" అంది దేవే. "నేను కూసునే బల్ల కాడికెల్లి అడగాలె."

ప్రమీల ఆమె మొహంలోకి చూసింది. ఆ ఆలోచన తనకు రాలేదు. దేవే బల్ల మీద ఉన్న ట్యాబ్ నుంచే ప్రశ్న వెళ్ళేటట్టు రాయడానికి సాయంత్రం దాకా పట్టింది. మధ్యలో దేవే నాలుగుసార్లు వచ్చి రికార్డుల ప్రోగ్రాంను ఆపించింది, వైరు పీకింది, వైఫై ఆపింది. ప్రతిసారీ చుక్క ఎర్రబడేదాకా నిలబడి చూసి వెళ్ళింది.

సుక్కి లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. జ్వరం దిగింది. ప్రమీలకు ఆ పిల్లతో ఏదో ఒకటి చెప్పకుండా వెళ్ళాలనిపించలేదు. గోండీ రాదు. "నిన్న ఆలస్యమైంది నా వల్లేనని చెప్పు దేవే" అంది. దేవే చెప్పింది. సుక్కి ప్రమీలను ఒకసారి పైనుంచి కింద దాకా చూసి, దేవేను ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"దోర్నాపాల్ బస్సు ఇయ్యాల పోతదా అని అడుగుతున్నది."

ఆ రాత్రి ప్రమీల దేవే గదిలోనే పడుకుని, పొద్దున్నే సిగ్నల్ దొరికిన చోట నిలబడి రాజశేఖర్‌కు ఫోను చేసింది. ఏదీ దాచలేదు. అతను అంతా విని, "అందుకేనండి నేను అన్నిటికీ ఒకటే సిస్టమ్ అన్నది" అన్నాడు.

"ఆ సిస్టమ్ ఉంటే ఈ తప్పు జరిగేది కాదు, నిజమేనండి. కానీ జగర్గుండా మిషన్లో అది నడవదు, అదీ నిజమే. తప్పు లేపే ప్రోగ్రాంలో లేదు. ప్రోగ్రాం బతికుందా అని అడిగాను, పనిచేస్తోందా అని అడగలేదు. మీ సిస్టమ్ ఉన్న రెండు మిషన్లలో కూడా బతికుందా అనే అడుగుతున్నారు. ఒకసారి చూసుకోండి."

అలా అనేశాక ఎక్కువ మాట్లాడానేమో అనిపించింది. దారంతా అదే కెలికింది. ఉద్యోగం ఉంటుందో లేదో కూడా అనుకుంది. గీదం చేరాక రెండు రోజులు ఏ ఫోనూ రాలేదు. ఆ రెండు రోజులూ ఆమె సరిగా తినలేదు. కొట్టు ముందునుంచి వందసార్లు పోయింది, వచ్చింది. పైడయ్య కూడా వీధిలో తిరిగాడు.

మూడో రోజు రాజశేఖరే చేశాడు. దేవే బల్ల ప్రశ్నను అతను సుక్మా, దోర్నాపాల్ మిషన్లలో పెట్టి చూశాడట. దోర్నాపాల్‌లో రికార్డుల ప్రోగ్రాం నడుస్తూనే ఉంది, పాత ప్రశ్నకు చుక్క పచ్చగానే ఉంది, కానీ డిస్కు నిండిపోయి ముందురోజు సాయంత్రం నుంచి కొత్త పేరు ఒక్కటీ రాసుకోవడం లేదు. అక్కడి నర్సు కాగితం మీద రాసుకుంటోంది. ఆమె ఎవరికీ ఫోను చేయలేదు, ఎలాగూ వినరని.

"అయిదింటికీ ఇదే పెట్టేద్దామండి. ఏ మిషన్లో ఏ సిస్టమ్ ఉన్నా సరే" అన్నాడు రాజశేఖర్. ఆ ఇరవై ఆరు చోట్ల చేసిన మార్పును టూల్ రాసినవాళ్ళకు పంపమని కూడా అన్నాడు. ప్రమీల పంపింది. వాళ్ళు ఒకటి రెండు చోట్ల సరిచేయమన్నారు. చేసింది. తీసుకున్నారు. దానితోపాటు రాయమన్న వివరణలో ఆమె జగర్గుండా నంబరు ఫైలు సంగతి కూడా రాసింది. ఇలా మాత్రం చేయకండి అని.

జనవరిలో సుక్మా పాత మిషను పూర్తిగా పోయింది. కొత్తది వచ్చింది, మెమరీ దండిగా ఉంది. అందులో రాజశేఖర్ చెప్పిన మామూలు సిస్టమే ఆమె తన చేత్తో వేసింది. ఏ బాధా అనిపించలేదు. మధ్యలో ఉన్న స్క్రిప్టు అక్కడి లేపే ప్రోగ్రాంను గుర్తుపట్టి, దాని మాటల్లో అడిగి, పని మొదలుపెట్టింది. జగర్గుండాలో తేలికపాటిదే ఉంది.

ఇప్పుడు సంస్థ బీజాపూర్ వైపు ఇంకో నాలుగు క్లినిక్కులు తెరుస్తోంది. ఎవరో ఇచ్చిన నాలుగు మిషన్లు వచ్చాయి. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదానికి మూత కూడా లేదు. ప్రమీల వాటిని గోనెసంచుల్లో చుట్టి జీపెక్కించింది. డ్రైవరు ముందు సీటు చూపించి కూర్చోమంటే, ఒక్క నిమిషమని వెనక్కి వెళ్ళి తాడు ముడులు ఇంకోసారి లాగి చూసుకుంది.